గడ్డిని కరిగించే బూజు చక్కెర చూడగానే ఎందుకు ఆగిపోతుంది?

వరిగడ్డి నుంచి ఇథనాల్ అనగానే మన చర్చంతా గడ్డి ఎవరు సేకరిస్తారు, ప్లాంటుకు ఎన్ని కోట్లు, సబ్సిడీ ఎంత అన్న దగ్గరే తిరుగుతుంది. అవి అక్కర్లేదని కాదు. కానీ గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టే ఎంజైముల ఖర్చు తగ్గకపోతే ఆ లెక్కలు నిలబడటం కష్టం. ఆ ఖర్చేమో ఒక బూజు తన జన్యువులను ఎప్పుడు పనిలో పెడుతుంది, ఎప్పుడు ఆపేస్తుంది అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంది. ఈ సంగతి మనం పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

ఆ బూజు పేరు ట్రైకోడెర్మా రీసై. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలను తినేస్తూ దొరికింది. పరిశ్రమలో వాడే సెల్యులేజ్ ఎంజైముల్లో (సెల్యులోజ్‌ను విడగొట్టేవి ఇవే) పెద్ద వాటా ఇవాళ దాని సంతతిదే. 2008లో దాని జీనోమ్, అంటే మొత్తం జన్యువుల చిట్టా, బయటికొచ్చినప్పుడు శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. ఇంత బలమైన బూజులో సెల్యులేజ్ జన్యువులు బోలెడు ఉంటాయనుకుంటే, మొక్కల చెత్త తినే మిగతా చాలా శిలీంధ్రాల కంటే తక్కువే కనిపించాయి. అంటే దాని బలం జన్యువుల సంఖ్యలో లేదు, ఉన్న కొద్దిపాటి జన్యువులతో విపరీతంగా పని చేయించుకోవడంలో ఉంది.

సెల్యులోజ్ నీళ్లలో కరగదు, కణంలోపలికి పోదు. మరి బయట గడ్డి ఉందని బూజుకు తెలిసేదెలా? అది ఎప్పుడూ కాస్తంత ఎంజైమ్‌ను బయటికి వదులుతూనే ఉంటుంది. దాని దెబ్బకు గడ్డి నుంచి చిన్న చక్కెర ముక్కలు ఊడితే, అందులో కొంత సోఫోరోస్ అనే మరో చక్కెరగా మారి కబురు మోస్తుందని భావిస్తున్నారు. కబురు అందాక ఎక్స్‌వైఆర్1 అనే ప్రొటీన్ డీఎన్‌ఏ మీద కూర్చుని సెల్యులేజ్ జన్యువులన్నిటినీ ఒక్కసారిగా లేపుతుంది. చుట్టూ గ్లూకోజ్ దొరుకుతోందా, సీఆర్‌ఈ1 అనే మరో ప్రొటీన్ వాటిని అణిచేస్తుంది. వండిన అన్నం ఎదురుగా ఉంటే ఎవరూ వడ్లు దంచుకోరు కదా.

బూజుకు అది పొదుపు, మనకు అదే అడ్డంకి. దాన్ని పెంచడానికి తేలికైన మేత గ్లూకోజే, కానీ ఆ మేత వేస్తే ఎంజైమ్ రాదు, అందుకే పాలలో ఉండే చక్కెర లాక్టోజ్ లాంటివి వెతుక్కోవాల్సి వస్తుంది. 1970ల చివర్లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో తయారైన రట్-సీ30 అనే రకం గ్లూకోజ్ ఉన్నా ఎంజైమ్ ఇస్తుంది. అందులో సీఆర్‌ఈ1 జన్యువు సగంలో తెగిపోయి ఉందని చాలా ఏళ్ల తర్వాత తేలింది. అలాగని ఆ జన్యువును మొత్తం పీకేస్తే బూజు ఎదుగుదలే కుంటుపడుతుంది. ఎక్స్‌వైఆర్1లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లోని ఒక ఇటుక లాంటిది) మారినా సోఫోరోస్ అవసరం లేకుండానే ఎంజైములు తయారవుతాయని కూడా చూపించారు. ఎంత సన్నని మార్పుకు ఎంత ఫలితమో చూడండి.

ఇది మనకు చేతకాని పని అని ఎవరూ అనుకోవద్దు. పుణేలోని సూక్ష్మజీవుల భాండాగారం నుంచి వచ్చిన పెనిసిలియం ఫ్యునిక్యులోసం అనే శిలీంధ్రంలో, సీఆర్‌ఈ1 లాంటి పనే చేసే మిగ్1 అనే జన్యువును దెబ్బతీసి ఎంజైమ్ ఉత్పత్తి పెంచినట్టు ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే అంతర్జాతీయ జీవసాంకేతిక పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2018లోనే ప్రచురించారు. ఆ తర్వాత 2022 ఆగస్టులో, ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలనే లక్ష్యంతో పానిపట్‌లో 900 కోట్లకు పైగా పెట్టి కట్టిన ప్లాంటును ప్రధాని ప్రారంభించారు. అంత పెట్టుబడి పెట్టగలిగిన దేశం ఈ పరిశోధనను ల్యాబ్ దగ్గరే వదిలేయకూడదు, ఫ్యాక్టరీ ట్యాంకు దాకా తీసుకెళ్లాలి. తెలంగాణలో, గోదావరి డెల్టాలో హార్వెస్టర్ కోత తర్వాత కొయ్యకాళ్లు కాల్చే పొలాలు మనకూ ఉన్నాయి, మన వ్యవసాయ యూనివర్సిటీలు ఆ పొలాల్లోనే కుళ్లుతున్న గడ్డి మీది బూజులను సేకరించి, వాటిలో ఏది గ్లూకోజ్‌కు తొందరగా లొంగదో పరీక్షించడంతో మొదలుపెట్టొచ్చు.