ఈ దావా ఆమెది

1999 నవంబరు 24, థాంక్స్‌గివింగ్‌కు ముందురోజు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కారులో వెళుతున్న ఒక మహిళకు, కొందరు మగవాళ్ళు చుట్టగా చుట్టిన తివాచీని వ్యానులోకి ఎక్కిస్తూ కనిపించారు. తివాచీలోంచి ఒక కాలు బయటికి వేలాడుతోంది. పక్కనే ఏడుస్తున్న మరో అమ్మాయిని కూడా బలవంతంగా వ్యాను ఎక్కించబోతుంటే ఆమె బండి ఆపి అడ్డుపడింది, 911కి ఫోను చేయించింది. హీటరు గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండిన గదిలో ప్రాణం పోయిన ఆ 17 ఏళ్ళ పిల్లది అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం. ఏడుస్తున్నది ఆమె చెల్లెలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పేరిట సంపాదించిన వీసాతో, తండ్రినని చెప్పుకున్న పరాయి మనిషి వెంట, వాళ్ళిద్దరినీ ఆ దేశంలో దింపారు.

ఆ ఇంటి యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి. ఆయనదీ వెల్వడమే, అప్పటికి బర్క్‌లీలో వెయ్యికి పైగా అపార్టుమెంట్లున్న మనిషి. ఆ వయసు పిల్ల బడిలో ఎందుకు లేదని ముందుగా ఆరా తీసింది బర్క్‌లీ హైస్కూలు పత్రికకు రాసే విద్యార్థులు. అమెరికాలోని మన తెలుగు సంఘాలు కాదు. 2001లో ఆయన, మైనర్ ఆడపిల్లలను లైంగికంగా వాడుకోవడానికి అక్రమంగా తెప్పించిన నేరం ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళ పైచిలుకు జైలు శిక్ష పడింది, 20 లక్షల డాలర్లు బాధితులకు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. ఈ కథ మనలో చాలామందికి ఇంతవరకే తెలుసు. నేను రాయదలచింది ఆ తర్వాతి సంగతి.

2002లో, ఆ చెరలో నలిగిన యువతులు తమ అసలు పేర్లు దాచుకుని, జేన్ డో అన్న పేరు మీద శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో సివిల్ దావా వేశారు. మనుషుల అక్రమ రవాణా బాధితులు నేరుగా పరిహారం కోరేందుకు వీలిచ్చే సెక్షను అప్పటికింకా ఫెడరల్ చట్టంలో లేదు. అందుకని వాళ్ళ లాయర్లు విదేశీయుల కోసం 1789లో చేసిన పాత చట్టాన్ని కూడా బయటికి తీశారు. దావా చెల్లదని ప్రతివాదులు వాదించినా, నిర్బంధ చాకిరీ నేటి కాలపు బానిసత్వమేనని, విచారణకు అర్హమేనని 2003 ఆగస్టులో కోర్టు తేల్చింది. చివరికి మిలియన్ల డాలర్ల పరిహారంతో ఆ దావా పరిష్కారమైంది. బర్క్‌లీలో ఒక్క అద్దె గది కూడా సొంతం కాని పల్లెటూరి ఆడపిల్లలు అంతటి ఆస్తిపరుణ్ణి కోర్టులో జవాబు చెప్పే స్థితికి తెచ్చారు. ఇది మన ప్రవాస చరిత్రలో గర్వంగా చెప్పుకోవలసిన ఘట్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మన సంఘాల సభల సావనీర్లలో మాత్రం దాని ప్రస్తావన నాకు ఎక్కడా కనపడలేదు.

క్రిమినల్ కేసులో అభియోగం మోపేది ప్రభుత్వం. బాధపడ్డ మనిషి అక్కడ సాక్షి మాత్రమే. ఏ ఆరోపణను నిలబెట్టాలో, దేన్ని వదులుకోవాలో, ముద్దాయితో ఏ ఒప్పందానికి రావాలో ప్రాసిక్యూటర్లు నిర్ణయిస్తారు. సివిల్ దావాలో ఆమె వాది. లాయరును పెట్టుకునేది ఆమె, రాజీకి ఒప్పుకునేదీ కాదనేదీ ఆమె. నేరం సందేహాతీతంగా రుజువు కావాలన్న కఠిన ప్రమాణం ఇక్కడ వర్తించదు, సాక్ష్యం మొగ్గు ఆమె వైపుంటే చాలు. బర్క్‌లీ దావా ఇంకా నడుస్తుండగానే, 2003 డిసెంబరులో, అక్రమ రవాణా నిరోధక చట్టంలో ఈ హక్కును చేర్చారు. 2008లో దాన్ని ఇంకా విస్తరించి, చాకిరీ చేయించినవాళ్ళ మీదే కాక, జరుగుతున్నది తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండీ దానివల్ల లాభపడినవాళ్ళ మీద కూడా దావా వేయవచ్చన్నారు, గడువును పదేళ్ళు చేశారు. గెలిస్తే లాయరు ఫీజు కూడా ప్రతివాది నుంచే రాబట్టవచ్చు. వీసా గడువు తీరినవాళ్ళు సైతం ఈ దావా నడిచినంత కాలం దేశంలో ఉండేలా తాత్కాలిక అనుమతి ఇచ్చే ఏర్పాటు ఆ సవరణలోనే ఉంది. ఈ సంగతి తెలియకనే ఎందరో భయపడి నోరు మూసుకుంటున్నారు.

కొన్నేళ్ళుగా నేను అప్పుడప్పుడు లాయర్ల దగ్గర దుబాసీగా కూర్చుంటున్నాను. ఎవరినీ పోల్చుకోవడానికి వీల్లేకుండా ఒక్క సంగతి చెబుతాను. ఎవరింట్లో పనిచేశావని లాయరు అడిగితే ఆ అమ్మాయి "మా వదినగారింట్లో" అంది. లాయరు బంధువులని రాసుకోబోయాడు. రక్తసంబంధం ఏమీ లేదని, తెల్లవారుజామున అయిదింటికి లేచి అర్ధరాత్రి దాకా పనిచేసే పిల్ల చేత కూడా వదిన అనిపించుకోవడం మన ఇళ్ళలో మామూలేనని విడమరచి చెప్పేసరికి అరగంట పట్టింది. జీతం ఎప్పుడూ అడగలేదా అంటే, "వదినని ఎట్లా అడుగుతానండీ" అంది. పాసుపోర్టు "మా దగ్గరుంటే భద్రం" అని ఇంటివాళ్ళే ఉంచుకున్నారు. వెళ్ళిపోతానంటే "మీ అమ్మావాళ్ళు ఊళ్ళో తలెత్తుకోకుండా చేస్తాం" అన్నారట. ఈ చివరి మాటను ఇంగ్లీషులో చెప్పడానికి నేను తడుముకున్నాను. కానీ చట్టంలో దానికి చోటుంది: బెదిరించి పని చేయించడమంటే కొట్టడం ఒక్కటే కాదని, మానసికంగా, ఆర్థికంగా కుంగదీస్తామనడమే కాక పరువు తీస్తామనడం కూడా తీవ్రమైన హాని కిందికి వస్తుందని 2008 సవరణ నిర్వచించింది. ఊళ్ళో ఖాళీ ప్రామిసరీ నోటు మీద పెట్టించుకున్న సంతకం, కేసు పెడతామన్న బెదిరింపు కూడా సాక్ష్యంగా నిలవగలవు. 2019లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, మధ్యలో మానేస్తే 25,000 డాలర్లు కట్టాలన్న షరతుతో ఫిలిప్పీన్స్ నర్సులను పట్టి ఉంచడం ఈ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ఇలాంటి షరతున్న ప్రతి బాండూ అక్రమ రవాణా కాదు. అయినా ఇంజనీర్ల చేత బాండ్లు రాయించుకునే మన కన్సల్టెన్సీలు ఆ తీర్పును ఒకసారి చదవడం మంచిది.

దావా సుఖమైన దారి అని నేను చెప్పను. కత్రినా తుపాను తర్వాత మిసిసిపీ, టెక్సస్ తీరాల్లోని నౌకానిర్మాణ యార్డులకు సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ భారతదేశం నుంచి దాదాపు 500 మంది వెల్డర్లను, పైపు ఫిట్టర్లను తెచ్చుకుంది. గ్రీన్‌కార్డు వస్తుందన్న ఆశతో ఒక్కొక్కరు పదివేల డాలర్లు, అంతకు మించి కూడా రిక్రూటర్లకు కట్టారు. తీరా వచ్చాక చేతికందింది తాత్కాలిక వీసా. ట్రైలరుకు 24 మంది చొప్పున కుక్కి, ఆ పడకకు నెలకు 1,050 డాలర్లు జీతంలోంచి కోసుకున్నారు. 2008 మార్చిలో కార్మికులు గేటు దగ్గర తమ హెల్మెట్లు విసిరేసి బయటికి నడిచారు, దావా వేశారు. అందరి తరఫునా కలిపి ఒకే దావాగా నడపడానికి 2012లో కోర్టు ఒప్పుకోకపోతే, పెద్ద పెద్ద లా సంస్థలు ఫీజు లేకుండా ముందుకొచ్చి విడివిడిగా దావాలు వేశాయి. 2015 ఫిబ్రవరిలో జ్యూరీ అయిదుగురు కార్మికులకు కోటీ నలభై లక్షల డాలర్లు ఇప్పించింది. సంస్థ దివాలా పిటిషను పెట్టింది. ఆ దావాలు కలిపి రెండు కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యాయి, దాంతోపాటు సంస్థ క్షమాపణ చెప్పింది. దావా వేసిన రోజు నుంచి తీర్పు దాకా ఏడేళ్ళు. అన్నాళ్ళు ఆ మనుషులు ఎక్కడ తలదాచుకోవాలి, ఊళ్ళో వడ్డీ ఎవరు కట్టాలి, వాళ్ళ మాట విని రాసిపెట్టేది ఎవరు?

నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఇలాంటి కేసు బయటికి రాగానే మనలో పెద్దమనుషులు కొందరు రాయబారానికి బయలుదేరతారు. "మనలో మనం చూసుకుందాం, కోర్టుకెక్కితే తెలుగువాళ్ళ పరువేం కాను" అంటారు. ఊళ్ళో తల్లిదండ్రులకు ఫోన్లు వెళతాయి. ఎంతో కొంత చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఈ రాజీ కుదిర్చేవాళ్ళలో ఎక్కువమంది చెడ్డవాళ్ళు కారు, గొడవ సర్దుబాటు చేశామనే అనుకుంటారు. కానీ లాయరు పక్కన లేకుండా, వీసా భయంతో, అమ్మ ఏడుపు ఫోనులో వింటూ ఒప్పుకున్నదాన్ని రాజీ అనడానికి నాకు మనసొప్పదు. రాజీ పడే హక్కు కూడా వాదిదే.

వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. దావా వేసినవాళ్ళ దగ్గరికి గానీ ఊళ్ళోని వాళ్ళ ఇళ్ళకు గానీ సంఘం పేరు మీద ఎవరూ రాయబారం వెళ్ళరాదన్నది మొదటిది. ఏటా కళాకారుల విమాన టిక్కెట్లకు పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని, తెలుగు మాట్లాడే వాదులకు శిక్షణ పొందిన దుబాసీల కోసం, కేసు నడిచినంత కాలం వాళ్ళ ఇంటి అద్దె కోసం కేటాయించాలన్నది రెండోది. దుబాసీలు వాది ఊరివాళ్ళు గానీ ప్రతివాది ఎరిగినవాళ్ళు గానీ కాకూడదు. నా పేరు ఆ జాబితాలో ముందు రాసుకోండి. వాదిది ఏ జిల్లా అయినా, రాత్రి ఎన్నింటికైనా వస్తాను.