దోసకాయకీ కర్రకీ మధ్య శుభలేఖ

అమెరికన్ ఫుట్‌బాల్ మీద తగాదా పడాలంటే మ్యాచ్ జరుగుతూ ఉండక్కర్లేదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, ఆదివారం పొద్దున్నే కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టేలోపు కూడా అంటుకుంటుంది. ఆ ఇంటి బావగారు డల్లాస్ జట్టు కౌబాయ్స్ మనిషి. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ దగ్గరి ఫ్రిమాంట్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది రైడర్స్ మనిషి. ఆ జట్టు 2020లో లాస్ వేగాస్‌కి మకాం మార్చేసింది గానీ, ఇతగాడి కోపం ఇంకా ఓక్లాండ్‌లోనే కాపురం ఉంటోంది. ఏ రోజు కోపమో తేదీతో సహా చెప్తాడు: 2017 డిసెంబర్ 17.

ఆ రాత్రి ఓక్లాండ్‌లో స్కోరు 17-17. చివరి క్వార్టర్‌లో ఓ ఐదు నిమిషాలు మిగిలాయి. ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్; పోతే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. కౌబాయ్స్‌కి నాలుగో డౌన్, కావాల్సింది ఒక్క గజం. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించేవాడు, డాక్ ప్రెస్కాట్ బంతిని పొట్టకి అదుముకుని గుంపులోకి దూరాడు. గుంపుని విడదీసి, బంతిని నేల మీద పెట్టి, పది గజాలూ అయ్యాయో లేదో కొలిచే, చివర కర్ర ఉన్న గొలుసు తెప్పించారు. రిఫరీ జీన్ స్టెరటోర్ వంగి చూశాడు. చూసి ఊరుకోలేదు. ఓ అట్టముక్క తీసి, మడిచి, బంతి ముక్కుకీ కర్రకీ మధ్య దూర్చాడు. లేచి, ఫస్ట్ డౌన్, అంటే గజం అందింది, మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, అని చెయ్యి చాపాడు.

"అట్టముక్క పెట్టి చూడ్డానికి అదేమన్నా స్పార్క్ ప్లగ్ సందా బావా?"

"సందుంటే దూరిపోయేది కదరా. తగిలి ఆగింది. అంటే బంతి అందినట్టే."

"మడిచిన అట్ట! మడిస్తే మందం రెట్టింపు. ఒంటి కాగితం పట్టే సందులో మడత కాగితం పట్టదు."

ఈ పాయింటులో పస ఉంది. కంటితో చూసే నిర్ణయించాననీ, అట్ట ఊరికే రూఢి చేసుకోవడానికేననీ రిఫరీ మ్యాచ్ తర్వాత చెప్పాడు. తాళం వేశాక ఇంకోసారి లాగి చూసినట్టన్నమాట. అయితే బావమరిది గమనించనిది, అసలు కిటుకు, అట్టలో లేదు.

గొలుసు పొడవు పది గజాలు, అంటే 30 అడుగులు. రెండు చివర్లా రెండు కర్రలు. మైదానంలో ప్రతి 5 గజాలకీ అడ్డగీత ఉంటుంది కాబట్టి, గొలుసు ఆ గీతని దాటేచోట లింకుకి ఓ క్లిప్పు తగిలిస్తారు. కొలవడానికి లోపలికి తెచ్చినప్పుడు క్లిప్పుని మళ్ళీ అదే గీత మీద పెట్టి, ముందు కర్రని బిగలాగి నిలబెడతారు. ఇంతవరకూ కంసాలి పని. మరి కొలవాల్సిన బంతి అక్కడికెలా వచ్చింది? అరడజను భారీకాయాల కింద అది ఎక్కడ ఆగి ఉంటుందో, మైదానం అంచునుంచి పరిగెత్తుకొచ్చిన అధికారి కంటితో అంచనా కట్టి, పాదం ఆనించిన చోటది. బస్తా బియ్యం దోసిళ్ళతో పోసి, చివరి నాలుగు గింజలూ బంగారం త్రాసులో తూచినట్టు. 2025 సీజన్ నుంచి గొలుసు పని హాక్-ఐ కెమెరాలకి అప్పజెప్పారు, గొలుసు అవసరానికి పక్కన ఉంటుంది. బంతి పెట్టడం మాత్రం ఇప్పటికీ కంటి లెక్కే.

మాటలతో తేలక, హాల్లో ప్రయోగానికి దిగారు. కర్రకి ఇల్లు తుడిచే మాప్. గొలుసుకి బట్టలారేసే నైలాన్ తాడు. బంతికి పప్పులోకని తెచ్చిన దోసకాయ. కొస కాస్త మొండి, సర్దుకోవచ్చు. రిఫరీగా తెనాలి నుంచి వచ్చిన మామగారు.

మొదటి గండం తాడుతోనే వచ్చింది. బావగారు పట్టుకుంటే దోసకాయ అందుతోంది, బావమరిది లాగితే తాడు సాగి కర్ర ముందుకి పోతోంది. అక్కడ తాడు వాడక గొలుసు ఎందుకు వాడతారో ఇద్దరికీ అప్పుడర్థమైంది. తర్వాత అట్ట. విజిటింగ్ కార్డు సుళువుగా దూరింది: అందలేదు. అదే మడిచి పెడితే ఆగింది: అందింది. ఇన్సూరెన్స్ కార్డు సగందాకా వెళ్ళి ఇరుక్కుంది. అప్పుడు బావగారు అల్మారాలోంచి, ఉబ్బెత్తు వినాయకుడున్న శుభలేఖ తీశాడు. అది సందుదాకా కూడా పోలేదు, వినాయకుడు అడ్డం. పైగా నొక్కిన నొక్కుకి దోసకాయ అరంగుళం దొర్లింది.

"మా కర్రాబిళ్ళలో కర్రతోనే కొలిచేవాళ్ళం అల్లుడుగారూ," అన్నారు మామగారు. "తగాదా వస్తే బిళ్ళ ఎవరిదో వాడిదే న్యాయం."

ఆ మ్యాచ్ కౌబాయ్స్ 20-17తో గెలిచారు. చివర్లో రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ గోల్ మూలకి దూకబోతూ బంతి జారవిడిస్తే, అది గోల్ గీత అవతలి పట్టీ, ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయి, నిబంధన ప్రకారం డల్లాస్ సొత్తయింది. ఆ నిబంధన ఊసు బావమరిది దగ్గర ఎత్తితే మధ్యాహ్నం భోజనం ఉండదు. అందుకని వాడే ఇంకో పాత గాయం కెలికాడు.

"ఇదే రిఫరీని 2015 జనవరిలో మీవాళ్ళంతా తిట్టిపోయలేదా?"

గ్రీన్ బేలో ప్లేఆఫ్, అంటే నాకౌట్ మ్యాచ్. అప్పుడూ నాలుగో డౌనే, కౌబాయ్స్ 26-21తో వెనకబడి ఉన్నారు. వాళ్ళ ఆటగాడు డెజ్ బ్రయంట్ గాల్లోకి లేచి బంతి అందుకుని, అడుగులు వేస్తూ గోల్ గీతకేసి చెయ్యి చాచి పడ్డాడు. బంతి నేలకి తగిలి ఎగిరింది. మొదట క్యాచ్ అన్నారు. అవతలి కోచ్ ఛాలెంజ్ చేశాక రీప్లే చూసి, కాదన్నారు. పడిపోతూ పట్టినవాడు నేల తగిలాక కూడా బంతిని వదలకూడదన్నది అప్పటి నిబంధన. 2018లో మార్చారు: బంతి అదుపులో ఉండి, రెండు పాదాలూ లోపల ఆని, ఆపైన మూడో అడుగో, చెయ్యి చాచడమో ఉంటే చాలు. ఈ లెక్కన అది క్యాచే.

"అది వేరు! చూడు," అంటూ బావగారు దోసకాయని గాల్లోకి విసిరి, పట్టి, ఒకటి, రెండు, మూడడుగులు వేసి ఫ్రిజ్ వైపు చెయ్యి చాచాడు. సాక్సులు టైల్స్ మీద జారాయి. దోసకాయ నేలకి తగిలి, ఎగరకుండా, రెండు చెక్కలైంది.

మామగారు మాప్ ఆనుకుని, "2015 లెక్కా, 2018 లెక్కా?" అనడిగారు. పిల్లాడు ఫోన్‌లో తీసిన వీడియోని నెమ్మదిగా నడిపి, మూడో అడుగు దగ్గర ఆపాడు. నలుగురూ వంగి చూస్తుండగా ఇల్లాలు వంటింట్లోంచి వచ్చి, ఓ చెక్క తీసి, అంచు కొరికి చూసి, ఉమ్మేసింది.

"చేదు. ఎలాగూ పారేసేదే."

"అయితే ఆ ప్లే చెల్లదు," అని బావగారు రెండో దోసకాయ అందుకున్నాడు.