పన్నెట్ చతురస్రం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పన్నెట్ చతురస్రం గారి సముఖమునకు,

అమ్మ జన్యువుల వాటా పైన, నాన్న వాటా పక్కన రాయించుకుని, పిల్లలకు ఏ లక్షణం ఎన్నో వంతు వస్తుందో చెబుతూ నాలుగు గళ్లలో వంశాన్నంతా తేల్చిపారేసే తమరి ప్రతిభకు ముందుగా నమస్కారాలు. మెండెల్ మహాశయుడు 7,324 బఠానీ గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి తేలాయి, అంటే 2.96కు ఒకటి. ఆ కాస్త తరుగునూ తమరు పూడ్చి, నిండుగా మూడు చేసి మా చేత పరీక్షల్లో రాయించారు.

అయితే మా పెరటి చంద్రకాంతకు తమరంటే బొత్తిగా భయం లేదు. ఎరుపునూ తెలుపునూ కలిపితే రెండూ నెగ్గక గులాబీ రంగు పూస్తుంది. దానికి అసంపూర్ణ బహిర్గతత్వమని పేరు పెట్టి తమరు పరువు దక్కించుకున్నారు, సరే. మరి దాని ఆకుల సంగతి ఏమిటి? 1909లో కారెన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చూపినట్లు, పచ్చని కొమ్మ మీద పూసిన పువ్వుకు తెల్లకొమ్మ పుప్పొడి అద్దినా గింజలన్నీ పచ్చని మొక్కలే అవుతాయి, ఎందుకంటే ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులు తల్లి అండం వెంట వస్తాయి గనుక అక్కడ నాన్న వాటా రాయడానికి తమరి దగ్గర గడే లేదు. అంతదాకా ఎందుకు, తమరికి పేరిచ్చిన పన్నెట్ గారే 1905లో తోటి జన్యుశాస్త్రజ్ఞుడు బేట్‌సన్‌తో కలిసి స్వీట్ పీ మొక్కలను సంకరం చేస్తే, ఊదా రంగూ పొడవాటి పుప్పొడీ విడిపోకుండా జంటగా దిగి, రెండు లక్షణాలు విడివిడిగా సంక్రమిస్తే రావలసిన తమరి 9:3:3:1 లెక్కను వెక్కిరించాయి.

మొక్కల సంగతి పోనీయండి. 1952లో బొంబాయిలో వెలుగుచూసిన రక్తవర్గం ఉన్నవారిలో బి జన్యువు ఉన్నా, దాన్ని నిలబెట్టే హెచ్ పదార్థం లేక పరీక్షలో ఓ అనే కనబడుతుంది. అలాంటి తండ్రికీ, నిజంగానే ఓ అయిన తల్లికీ బి గ్రూపు బిడ్డ పుట్టవచ్చు. తమరి గళ్లు మాత్రం ఇల్లాలి వైపే వేలు చూపుతాయి.

అన్నిటికన్నా నాకు కష్టం కలిగించేది తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు దగ్గర తమరు పాటించే మౌనం. వాహకులైన, అంటే చెరొక లోపపు జన్యువు మోస్తున్న దంపతులు నాలుగు గళ్లను చూసి నలుగురు పిల్లలనుకుంటారు. మొదటి బిడ్డకు జబ్బు వస్తే వంతు తీరిందని, ఇక ముగ్గురికి ఢోకా లేదని ధైర్యం చెప్పుకుంటారు. ప్రతి కాన్పుకూ ఆ నాలుగో వంతు ముప్పు మళ్లీ మొదటి నుంచీ ఉంటుందన్న ముక్కను గళ్ల కిందనే, గళ్లంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించుకోవలసిందిగా మనవి.

ఇట్లు విధేయుడు,
తమరి లెక్కలో నాలుగో గడివాడు