మా తాతమ్మకు మీసాలు పెట్టిన సంఘం వారికి

మ.రా.రా.శ్రీ కుటుంబ చరిత్ర సంఘం వారి దివ్యసముఖానికి, మూడేళ్ళ చందా ముందుగానే కట్టేసిన సభ్యుడు నమస్కరించి రాసుకున్న విన్నపాలు.

ఉభయ కుశలోపరి. నా కుశలం మాత్రం నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకానే.

రెండింటికి రమ్మన్నారు, వచ్చాం. కార్యదర్శి గారు భోంచేసి వస్తున్నారన్నారు. మూడున్నరకు అడిగినా భోంచేసే వస్తున్నారు. ఈలోగా ఎనభై నాలుగేళ్ళ మా మేనత్త మీ ప్లాస్టిక్ కుర్చీ అంచున, తిరగని పంకా కింద, మీ సంఘం కరపత్రంతో విసురుకుంటూ కూర్చుంది. ఆ కరపత్రానికి అంతకు మించిన ఉపయోగం నాకు ఇప్పటికీ తోచలేదు.

నాలుగింటికి వంశవృక్షం వచ్చింది. సంక్రాంతికన్నారు, ఉగాదికన్నారు, చందనోత్సవం వెళ్ళగానే తప్పకుండా అన్నారు, మొత్తానికి ఇచ్చారు. తాళపత్రం కాకపోయినా ఏదో మంచి కాగితం మీద ఉంటుందనుకున్నాను. ఫ్లెక్సీ! ఆరడుగుల ఫ్లెక్సీ, కరెంటు స్తంభానికి కట్టుకోవడానికి వీలుగా నాలుగు మూలలా రింగులతో. అడుగున మీ అధ్యక్షుల వారు చేతులు జోడించి నవ్వుతున్నారు. మా వంశంలో ఆయన ఏ కొమ్మకు కాసిన కాయో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

మా అత్త కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ కింది నుంచి పైకి వెళ్ళింది. తన పేరు దగ్గర ఆగలేదు. వాళ్ళ నాన్న పేరు దగ్గర కాస్త ఆగింది. ఆ పై గడి మీదికి వెళ్ళిన వేలు ఇక కదలలేదు.

"ఒరేయ్, మా నాయనమ్మకు మీసాలు పెట్టారేమిటిరా?"

చూస్తే నిజమే. 'సింహాచలం (పు)'. పక్కన తలపాగా చుట్టి మీసం మెలేసిన బొమ్మ. అయ్యా, సింహాచలం మా తాతమ్మ.

అంతటితో ఆగినా సర్దుకుపోయేవాణ్ణి. ఆవిడ మగవాడైపోయాక, ఆవిడ మెడలో తాళి కట్టిన మా ముత్తాతను ఎక్కడ కూర్చోబెట్టాలో మీకు పాలుపోలేదు. ఇంటిపేరు ఒకటే కదా అని పక్కనే ఇంకో గడి గీసి 'సోదరుడు' అని రాసేశారు. ఏడడుగులు నడిచిన ఆలుమగలను అన్నదమ్ములను చేశారు. ఇప్పుడు మీ లెక్కన మా తాతయ్యకు తండ్రి సింహాచలం, తల్లి 'వివరాలు లేవు'. ఆయన కన్నతండ్రి, పిల్లాజెల్లా లేని బాబాయిగా కొమ్మ చివర వేలాడుతున్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న మీ అబ్బాయిని మర్యాదగానే అడిగాను. "భూమి సింహాచలం గారి పేరున ఉందండీ. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేరున భూమి ఉండదు కదండీ" అన్నాడు. పసుపు కుంకుమల కింద పుట్టింటి వారు ఆడపిల్లకు భూమి చెక్క రాసివ్వడం మీ కంప్యూటర్‌కు తెలియకపోవచ్చు, మీకు తెలియదా? ఆ అర ఎకరం ఆవిడ పుట్టింటి సొత్తు. ఆ శిస్తు రసీదు నేనే మీకిచ్చాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీ రెక్కను ఎగరేసుకుపోతే మా ట్రంకు పెట్టె చెరువైంది. రసీదులో 'సింహాచలం' మిగిలింది. తరువాత ఉండవలసిన 'భర్త' అన్న ముక్కా, ఆయన పేరూ కలిసి నీలం మరకైపోయాయి. మీరు ఆ మరకను 'తండ్రి' అని చదివారు. మరకలు చదవడం వచ్చిన మీకు మనుషుల మాట వినడం ఎందుకు రాలేదో అర్థం కాదు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ, ఆ సింహాచలం ఒళ్ళో పెరిగిన మనవరాలు, ఆవిడ ఆడమనిషేనని చెబుతుంటే "నోటిమాట ఆధారం కాదమ్మగారూ" అన్నారు.

సరే, ఆవిడ ఎలా ఉండేవారో చెప్పమన్నాడు మీ అబ్బాయి, దయతలచి. మా అత్త మురిసిపోయి చెప్పింది. చేతుల నిండా పచ్చబొట్లు. పొద్దున్నే చద్దన్నం తిని పొలానికి వెళ్ళేది. గట్టు మీద కూర్చుని అడ్డపొగ తాగేది. అంతే, అబ్బాయి మొహం వెలిగిపోయింది. "చూశారా! చుట్ట తాగేవారట!"

ఉత్తరాంధ్రలో పుట్టి, ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి కుటుంబాల చరిత్ర రాస్తామని బోర్డు కట్టుకున్న వారికి అడ్డపొగ అంటే తెలియదు! నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండు చేతులా పని చేసుకుంటూ, గాలికి ఆరిపోకుండా చుట్ట తాగిన ఆడవాళ్ళు మీ ఇళ్ళలో కూడా ఉండే ఉంటారు. మీ వంశవృక్షాల్లో ఆవిడలకు ఎన్ని మీసాలు మొలిచాయో ఒకసారి చూసుకోండి.

ఇక పేరు సంగతి. విశాఖపట్నంలో కూర్చుని సింహాచలం అనగానే పురుషుడని ఎలా అనుకున్నారు మహాప్రభో? అప్పన్న కొండ కింద బతికే మనకు మగబిడ్డ పుట్టినా సింహాచలమే, ఆడబిడ్డ పుట్టినా సింహాచలమే. చందనోత్సవం నాడు నిజరూప దర్శనం వరుసలో నిలబడి "సింహాచలం!" అని ఒక్క కేక వేయండి. తిరిగి చూసే తలల్లో సగం కొప్పులుంటాయి.

కాగితాలు దొరకవని మీరు పడే బాధ నాకు తెలియక కాదు. మాది శృంగవరపుకోట దగ్గర జమీందారీ గ్రామం. 1948 చట్టంతో జమీందారీలు రద్దయి, సెటిల్‌మెంట్ జరిగి, ఫెయిర్ అడంగల్ అనే భూముల దస్త్రం రాసేదాకా సర్కారు వారికి మా ఊళ్ళో ఎవరు ఏ చెక్క దున్నుతున్నారో పట్టలేదు. 1979లో మా ఊరు ఉన్నచోటనే ఉండి విజయనగరం జిల్లాకు వెళ్ళిపోయింది. 1984లో కరణాల ఉద్యోగాలు పోయాయి, కరణం గారింటి అటక మీది దస్త్రాలు చెదలకు పోయాయి. అక్కడ అడిగితే ఇక్కడంటారు, ఇక్కడడిగితే అక్కడంటారు. ఇందులో మీ తప్పేమీ లేదు.

కానీ కిందటి నెల సమావేశంలో మీరు చప్పట్లు కొట్టించుకున్న ఘనకార్యం మాత్రం మరిచిపోలేను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి నలభై నిమిషాల్లో నాలుగు తరాలు తేల్చి ఇచ్చారట. ఇవ్వరా మరి! వాళ్ళకు చర్చిలో బాప్తిస్మం, పెళ్ళి, ఖననం అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఆ నకళ్ళు మద్రాసు మీదుగా లండను చేరి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా కూర్చున్నాయి. వాటిని వెతికి పెట్టడానికి అక్కడ 1998 నుంచి ఫిబిస్ అని, బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల చరిత్ర వెతికే ఒక సంఘమే ఉంది. ఇక్కడ విశాఖ వన్ టౌన్‌లో వాళ్ళ సమాధుల మీద రాతి పలకలు కూడా ఉన్నాయి. మా వాళ్ళను కాల్చి బూడిద నీళ్ళలో కలిపారు. దొర గారికి ఊడిగం చేసినట్టు మాకు చేయమని అడగను, మా అత్త చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే చాలు.

ఆధారం కావాలన్నారు కదా, ఒకటి చెబుతాను. మా నాన్న పోయినప్పటి నుంచి ఏటా మహాలయ అమావాస్యకు సముద్రం ఒడ్డున తర్పణాలు వదులుతున్నాను. తండ్రి, తాత, ముత్తాత అయ్యాక పురోహితుడు తల్లి పేరూ, నాయనమ్మ పేరూ, తాతమ్మ పేరూ అడుగుతాడు. సింహాచలం అనగానే ఆయన తడుముకోకుండా 'నామ్నీం' అని స్త్రీలింగంలోనే పలికించి నువ్వులూ నీళ్ళూ వదిలిస్తాడు. పట్టా తెమ్మనలేదు. చుట్ట తాగేదా అని అడగలేదు.

మీరు 'సోదరుడు' అని రాసిన ఆ మనిషి ఇద్దరు పిల్లలను ఆవిడ చేతిలో పెట్టి స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళాడు. మొదట్లో డబ్బు వచ్చేది, తరువాత ఉత్తరాలు వచ్చేవి, తరువాత అవీ ఆగిపోయాయి. 1942లో జపాను వాళ్ళకు భయపడి రంగం నుంచి అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చిన వారిలో ఆయన లేడు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడి పట్నం జనం పల్లెలకు పారిపోతే, ఆవిడ తన ఇంట్లో మూడు కుటుంబాలకు చోటిచ్చి గంజి కాచి పోసింది. ఆ అర ఎకరం మీదే మా తాతయ్యను చదివించింది. ఆ చదువు లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి నాకు అక్షరం ముక్క వచ్చేది కాదు. ఆవిడ గడి మీరు ఖాళీగా ఉంచినా బాధపడేవాణ్ణి కాదు. ఆవిడ చేసిందంతా తీసుకెళ్ళి ఎవరో మీసాల వాడి ఖాతాలో వేశారు. ఇది పొరపాటు కాదు, దొంగతనం.

దిద్దుబాటుకు ఐదు వందల రుసుముతో పాటు 'సింహాచలం గారి జనన ధ్రువపత్రం' జత చేయమని మీరిచ్చిన దరఖాస్తు అందింది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. మా తాతమ్మ అంతకు ముందే పోయింది. ఆ చట్టం లెక్కలో ఆవిడ పుట్టనూ లేదు, పోనూ లేదు. పత్రం రాగానే పంపుతాను, ఎదురు చూస్తూ ఉండండి, అందాకా కార్యదర్శి గారు భోంచేసి వస్తారు.

మీ ఫ్లెక్సీ వృథా పోలేదు. ఇవాళ పొద్దున్నే డాబా మీద పరిచి, నాలుగు రింగులకూ ఇటుకలు కట్టి, పైన పాత పంచె తడిపి వేశాం. మా అత్త పీట వేసుకుని కూర్చుని బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టింది. తడి పంచె కింద నుంచి మీసాల బొమ్మ మసగ్గా కనిపిస్తుంటే, దాని మీద అన్నిటికంటే పెద్ద వడియం పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమింది. ఎండ బాగుంది. ఎల్లుండికి వలుచుకోవచ్చునట.

ఇట్లు,
సింహాచలం (స్త్రీ) గారి మునిమనవడు