మూలకణాలతో కొత్త కాలేయం: వాట్సాప్ సందేశంలో నిజమెంత?

కాలేయం పూర్తిగా విఫలమైనా అవయవ మార్పిడి అక్కర్లేదని, రోగి కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసిన మూలకణాలను (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే కొత్త కాలేయం పెరుగుతుందని, ఇది పరిశోధనల్లో రుజువై ప్రభుత్వ ఆమోదం కూడా పొందిందని, సొంత కణాలే గనుక హాని ఉండదని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది.

ముందుగా, కొత్త కాలేయం పెరుగుతుందన్న మాట. కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉన్నది నిజమే. కుడి భాగాన్ని దానం చేసిన ఆరోగ్యవంతుడిలో మిగిలిన భాగం కొద్ది నెలల్లోనే చాలావరకు పూర్వపు పరిమాణానికి చేరుకుంటుంది. కాని ఆ పెరుగుదలకు ప్రధాన కారణం అక్కడే మిగిలిన కాలేయ కణాలు. సిరోసిస్‌లో మచ్చకట్టిన కణజాలం కాలేయ నిర్మాణాన్నే మార్చివేసి, లోపలి రక్తప్రవాహానికి అడ్డుపడుతుంది. సిర ద్వారా ఎక్కించిన మూలకణాల్లో అధిక భాగం మొదట ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. వాటివల్ల ఏదైనా మేలు జరిగినా, అది అవి విడుదల చేసే పదార్థాలు వాపును అదుపు చేయడంవల్లనే తప్ప, అవి కాలేయంగా మారడంవల్ల కాదన్నదే ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

పరిశోధనల్లో రుజువైందన్న మాటను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. హెపటైటిస్ బి వల్ల కాలేయం హఠాత్తుగా క్షీణించిన 110 మందిపై చైనాలోని గ్వాంగ్‌ఝౌలో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మూలకణాలు పొందినవారిలో 73.2 శాతం, పొందనివారిలో 55.6 శాతం 24 వారాలకు జీవించి ఉన్నారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే అక్కడ వాడినవి దాతల కణాలు, రోగుల సొంత కణాలు కావు; ఎవరికి ఏ చికిత్స అందుతోందో వైద్యులకూ రోగులకూ తెలుసు. సొంత కణాలతోనే బ్రిటన్‌లో 81 మంది సిరోసిస్ రోగులపై జరిపి 2018లో వెలువరించిన అధ్యయనంలో, కాలేయ పనితీరు సాధారణ చికిత్స పొందినవారికన్నా ఏమాత్రం మెరుగుపడలేదు. మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్ కథా ఇంతే: 2012లో ఢిల్లీలో 47 మందిపై మంచి ఫలితమిచ్చినా, జర్మనీలో 176 మందిపై జరిపిన అధ్యయనంలో ప్రయోజనం కనిపించక దాన్ని మధ్యలోనే ఆపివేశారు.

సొంత కణాలైతే హాని లేదన్న వాదనకు కూడా ఆ బ్రిటన్ అధ్యయనమే సమాధానం. కణాలు పొందిన వర్గంలో 43 శాతం మందికి తీవ్రమైన దుష్పరిణామాలు ఎదురుకాగా, సాధారణ చికిత్స వర్గంలో ఆ సంఖ్య 11 శాతమే.

ప్రభుత్వ ఆమోదం సంగతి సూటిగా చెప్పవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధిత వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినదంతా ప్రయోగ దశలోనిదే. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌కు (రోగులపై జరిపే ప్రయోగాత్మక అధ్యయనానికి) వెలుపల చేయడం అనైతికం. ఆ తర్వాత ఒక మూలకణ ఉత్పత్తికి కాళ్ల రక్తనాళాల జబ్బుకూ మోకాళ్ల అరుగుదలకూ అనుమతి లభించింది గాని, కాలేయ వైఫల్యానికి లభించలేదు. ట్రయల్ పేరు చెప్పి లక్షలు అడిగారంటే అక్కడే అనుమానించాలి.

ఇక సందేశం చివర ఉన్న ‘ఈ చికిత్సతో కోలుకున్నవారి’ మాటలు. మద్యం మానినవారి కాలేయం కొన్ని నెలల్లో తనంత తానే గణనీయంగా మెరుగుపడవచ్చు. హెపటైటిస్ బి రోగికి టెనోఫోవిర్ వంటి మందుతోనూ అలాగే జరగవచ్చు. పోల్చి చూడటానికి మూలకణాలు పొందని మరో వర్గమే లేనప్పుడు ఆ మేలు దేనివల్ల కలిగిందో తేల్చలేము. ఈలోగా మార్పిడి అవసరమైన రోగి ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేయించుకోకుండా జాప్యం చేస్తే, ఇన్‌ఫెక్షనో మూత్రపిండాల వైఫల్యమో తోడై, శస్త్రచికిత్సకే తగని స్థితికి చేరుకోవచ్చు.