వాడని బ్రేకుకే తుప్పు

కాలువ గట్టు మీద కారు అదుపు తప్పి నీళ్లలో పడితే మర్నాటికి కారణం ఒక్క మాటలో తేలిపోతుంది: బ్రేకులు ఫెయిలయ్యాయి. అది విద్యుత్ కారైతే నేరం కంప్యూటర్ మీదకు వెళుతుంది. చక్రం విప్పి చూసేవారు తక్కువ. కోనసీమలో, గోదావరి పశ్చిమ డెల్టాలో ముందుగా చూడవలసింది ఆ చక్రం వెనకే.

పెట్రోలు కారు బ్రేకులు అరిగి పాడవుతాయి. విద్యుత్ కారు బ్రేకులు అరగక పాడవుతాయి. యాక్సిలరేటర్ నుంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి, బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. రోజువారీ ప్రయాణంలో, చక్రంతో తిరిగే ఇనుప డిస్కును ఒత్తి పట్టే బ్రేకు ప్యాడ్లకు పెద్దగా పని ఉండదు. ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయని షోరూముల్లో చెప్పేది నిజమే. అయితే ఇనుప డిస్కు నున్నగా ఉండేది ప్యాడ్లు దాన్ని రోజూ రాస్తుంటేనే. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల తేమ. వరదల్లో లంక గ్రామాల దారుల మీద పారే నీరు. ఇవన్నీ డిస్కును, ప్యాడ్లను దానికి నొక్కే కాలిపర్ జారే పిన్నులను తింటాయి. పిన్ను బిగుసుకుంటే ప్యాడ్లు సమంగా పట్టవు, ఆ చక్రానికి పట్టు తగ్గుతుంది. మామూలు రోజుల్లో మోటారే బండిని ఆపుతుంది కాబట్టి లోపం కనపడదు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ముందు హఠాత్తుగా ఆగవలసి వచ్చిన రోజు బయటపడుతుంది.

మోటారు సాయం కూడా అన్నివేళలా ఒకేలా ఉండదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి నూరు శాతం నింపితే, పొద్దున కొత్త కరెంటుకు బ్యాటరీలో చోటు ఉండదు. కాలు తీసినా కొన్ని కార్లు నిన్నటిలా నెమ్మదించవు. వంతెన దిగుతున్నప్పుడు ఇది గుండె జారేంత పని చేస్తుంది. గుంతల రోడ్డు మీద చక్రం జారితే కంప్యూటర్ మోటారును పక్కన పెట్టి పని మొత్తం ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లను నొక్కే హైడ్రాలిక్ బ్రేకుకు అప్పగిస్తుంది. ఆ క్షణంలో పట్టు పోయినట్టు అనిపించవచ్చు. ఇది భ్రమ కాదు. ఎగుడుదిగుడు రోడ్ల మీద ఇలాంటి ఫిర్యాదులు రావడం వల్లే 2010 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా 4 లక్షలకు పైగా ప్రియస్, ఇతర హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది.

ఇంకొకటి, ప్రాణాలకు సంబంధించినది. కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టరు పనిచేయడానికి కావలసిన గాలి పీల్పును పెట్రోలు కారులో ఇంజనే ఇస్తుంది. విద్యుత్ కారులో ఆ పని విద్యుత్ పంపో, విద్యుత్ బూస్టరో చేయాలి. అది ఆగితే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు పోయిందనుకుని కాలు తీయకూడదు. చాలా కార్లలో పెడల్ నుంచి చక్రం దాకా హైడ్రాలిక్ బంధం అలాగే ఉంటుంది. బలమంతా పెట్టి తొక్కితే బండి ఆగుతుంది. కారు తాళాలు చేతికిచ్చేటప్పుడు ఈ మాట చెప్పకపోవడం క్షమించరానిది.

కాలు పొరపాటు కూడా లేకపోలేదు. యాక్సిలరేటర్ తొక్కి వేగం, వదిలి నెమ్మది, ఇలా ఎప్పుడూ ఒకే పెడల్‌తో నడిపే అలవాటులో కంగారు పడ్డ కాలు యాక్సిలరేటర్‌నే తొక్కవచ్చు, మోటారు తక్షణం లాగుతుంది. అలాగని విచారణ లేకుండా నెపం డ్రైవరు మీదకు నెట్టడం అన్యాయం.

విద్యుత్ కారుకు సర్వీసింగే అక్కర్లేదన్న ప్రచారం మన ప్రాంతానికి చెల్లదు. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చక్రాలు విప్పించి, పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి ఎంత తక్కువ తిరిగినా కంపెనీ చెప్పిన గడువుకు మార్పించాలి. వాన వెలిసిన మర్నాడు తొలి నాలుగైదు తొక్కుల్లో గరగరమని ఆగిపోయే శబ్దం పైపై తుప్పుదే. రెండు రోజులైనా ఆ శబ్దం పోకపోయినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా, ప్రయాణం తర్వాత ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతున్నా కాలిపర్ పట్టేసిందేమో అదే రోజు చూపించాలి.