టాజ్మిలీ మా నాన్నకు తెలిసిన ఊరే

మొన్న మన తెలుగువాళ్ల సంక్రాంతి సంబరాల్లో పిల్లల కథల పోటీ జరుగుతున్నప్పుడు నేను హాలు వెనక పులిహోర పొట్లాలు సర్దుతున్నాను. మైకులో మా బాబు గొంతు వినబడి చేతిలో పని ఆపేశాను. వాడికి 14 ఏళ్లు. తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. "ఒక ఊళ్లో కవల పిల్లలు ఉండేవారు. ఆ ఊళ్లో డబ్బంటే ఎవరికీ తెలీదు" అని మొదలుపెట్టాడు. కాసేపటికి, ఇది ఒక వీడియో గేమ్‌లో కథ అని వాడే చెప్పేశాడు. "గేమ్ కథలు ఇంట్లో చెప్పుకో నాన్నా, మన కథ ఏదైనా ఉంటే చెప్పు" అంటూ మైకు తీసుకున్నారు. హాలంతా నవ్వింది. వాడు అందరికీ దండం పెట్టి దిగిపోయాడు.

మైకు తీసుకున్నవారు ఏళ్ల తరబడి మన పిల్లలకు ఆదివారం తెలుగు చెబుతున్నవారు. నాకు వారంటే గౌరవం. కానీ "మన కథ" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అంతకు ముందు వేసవిలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర మా ఊళ్లో, అదే కథను మా నాన్న మూడు రాత్రులు కూర్చుని విన్నాడు మరి.

ఆ గేమ్ పేరు మదర్ 3. షిగెసాటో ఇటోయి రాసిన కథ. 2006లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే, చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కోసం జపాన్‌లో విడుదలైంది. ఇంగ్లీషులో నింటెండో కంపెనీవారు ఇప్పటిదాకా తేలేదు. క్లైడ్ మాండెలిన్ అనే అనువాదకుడు, ఆయనతో పాటు కొందరు అభిమానులు సొంత ఖర్చుతో, తీరిక వేళల్లో తర్జుమా చేసి 2008లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. మావాడు ఆడింది ఆ తర్జుమానే.

టాజ్మిలీ అని ఒక పల్లె. ఇళ్లకు తాళాలుండవు, అమ్మకాలూ కొనుగోళ్లూ ఉండవు. పందిమొహాల ముసుగులు వేసుకున్న సైన్యం వచ్చి, అడవిలో సాధువుగా బతికే పెద్ద జంతువును యంత్రంగా మారుస్తుంది. దాని చేతిలో కవలల తల్లి చనిపోతుంది. కవలల్లో ఒకడు పగ తీర్చుకోవడానికి వెళ్లి తిరిగి రాడు. తండ్రి రోజూ వాడిని వెతుకుతూనే ఉంటాడు. ఈలోగా ఇంటింటికీ టీవీల్లాంటి "సంతోషపు పెట్టెలు" వస్తాయి, డబ్బు వస్తుంది, రైలు వస్తుంది. చివరికి జనం ఊరు వదిలి పట్నం పోతారు.

ఊళ్లో కరెంటు పోయిన రాత్రి ఇది మొదలైంది. అరుగు మీద మావాడు చేతిలో గేమ్ పట్టుకుని కూర్చున్నాడు. "ఏట్రా గుంటడా అది?" అని నాన్న అడిగాడు. వీడు కథ చెప్పడం మొదలుపెట్టాడు. తెరమీద ఇంగ్లీషు తాతకు రాదు కనుక ప్రతి మాటా తెలుగులోకి మార్చాల్సిందే. మాట దొరక్కపోతే నన్ను అడిగేవాడు. నాకూ దొరక్కపోతే నాన్నే అందించేవాడు. పెట్టెలు ఊళ్లోకి వచ్చే ఘట్టం చెబుతుంటే నాన్న చుట్ట పక్కన పెట్టి, "పెట్టి వొచ్చిందా? ఊరు పోనాదన్నమాటే" అన్నాడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. మా వీధిలో అప్పుడు వలస వెళ్లిన ఇళ్లలో కొన్నింటికి ఇంకా తాళాలే. పట్నానికి ఖాళీ అయిపోయిన టాజ్మిలీని చూపించినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది మనూరే గదరా" అన్నాడు.

ఇంకో సంగతి కూడా రాయకుండా ఉండలేను. ఈ గేమ్‌లో పోరాటానికి తాళం ఉంటుంది. వెనక వచ్చే సంగీతం లయకు సరిగ్గా మీట నొక్కితే ఒకదాని వెంట ఒకటి 16 దెబ్బల దాకా వేయొచ్చు. శత్రువును నిద్రపుచ్చితే వాడి గుండె చప్పుడులో ఆ లయ వినిపిస్తుంది. మావాడికి తొమ్మిది దాటేది కాదు. చిన్నప్పుడు తప్పెటగుళ్ల బృందం వెంట ఊరూరా తిరిగిన మా నాన్న కళ్లు మూసుకుని విని, మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేశాడు. "తొందరపడకు, కాలు ఆడినట్టు ఏలు ఆడాల" అన్నాడు. ఆ రాత్రి వాడు 16 కొట్టాడు. తాతా మనవళ్లు వేసిన కేకకు పక్కింటి అత్త లేచి వచ్చింది.

ఇలాంటి గేమ్‌లు ఇంకా ఉన్నాయి. వాటికి ప్రకటనలు తక్కువ, ఒకరి నోట ఒకరికి తెలియాల్సిందే. 1997లో జపాన్‌లో వచ్చిన మూన్ అనే గేమ్‌లో వీరుడు చంపుకుంటూ పోయిన జంతువుల ఆత్మలను మనం కాపాడుకుంటూ తిరగాలి. ఇంగ్లీషులో అది 2020లో గానీ రాలేదు. మన దేశపు పైరోడాక్టిల్ బృందం 2014లో చేసిన అన్‌రెస్ట్ అనే గేమ్‌లో కరువు పట్టిన భీమ్రా అనే నగరం ఉంటుంది, అందులో మామూలు మనుషులుగా బతకాలి.

పెద్దల భయం నాకు తెలుసు. ఫోన్లలో అడుగడుగునా డబ్బడిగే ఆటలు పిల్లల్ని ఎలా పీల్చేస్తాయో మా ఇంట్లోనే చూశాను. నిద్ర చెడుతుంది, చదువు చెడుతుంది. అలాంటివి మా ఇంట్లో ఇప్పుడు లేవు. మదర్ 3 మాత్రం 30 గంటలకు అటూ ఇటూగా అయిపోతుంది. అయిపోయాక పిల్లవాడి చేతిలో ఒక కథ ఉంటుంది, దాన్ని ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. ఏడాది ఆదివారం తరగతుల్లో మావాడికి రాని క్రియాపదాలు ఆ మూడు రాత్రుల్లో వచ్చాయి.

అందుకే అడుగుతున్నాను. ఈ ఉగాది సంబరాల్లో పిల్లలకు ఒక చిన్న గది ఇవ్వండి, ఒక టీవీ పెట్టండి. పిల్లలు తాము కనుక్కున్న గేమ్ కథను తెలుగులో చెబుతూ ఆడి చూపిస్తారు. తాతయ్యలూ నానమ్మలూ ముందు వరుసలో కూర్చోవాలి, మాట దొరకనప్పుడు అందించాలి. తర్వాత చిన్న గేమ్ బృందాల అనుమతి తీసుకుని ఒక్క గేమ్‌నైనా తెలుగులోకి తెద్దాం. జపాన్ భాష నుంచి ముక్కూ మొహం తెలియని అభిమానులు చేశారు, మన పిల్లల కోసం మనం చేయలేమా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవారు నాకు కబురు పెట్టండి. టాజ్మిలీ లాంటి పల్లెల జనం మన యాసలోనే మాట్లాడాలని నా ఆశ.

మేం ఇంట్లో టాజ్మిలీ మాటల తర్జుమా మొదలుపెట్టేశాం. మావాడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. ఆదివారం తాతకు ఫోన్ చేసి మాటలు రాసుకుంటున్నాడు. టాజ్మిలీలో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవాలంటే ఒక కప్పతో మాట్లాడాలి. ఆ కప్ప ఏమని అడగాలో రెండు వారాలు తేల్లేదు. మొన్న నాన్నే తేల్చాడు. పుస్తకంలో కప్ప బొమ్మ గీసి, పక్కన మావాడు వంకర అక్షరాలతో రాసుకున్నాడు: "దాసీమంటావేటి?"